ఎబెనేజరులో సగం నీళ్లు

నా చెల్లెలి చేతిరాత బాగుంటుంది. ఆ సంగతి మా ఊరంతా ఒప్పుకుంటుంది, నేనూ ఒప్పుకుంటాను. ఒప్పుకున్నంత మాత్రాన ఒళ్లు మండకుండా ఉంటుందా? ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు, మూడు వారాల దుమ్ము చిమ్ముదామని వంటింటి వెనక గదిలోకి పోతే, ఇంజను మెడకు ఒక చీటీ వేలాడుతోంది. అట్టముక్క మీద నీలి సిరాతో ముత్యాల్లాంటి అక్షరాలు, చివర్న దాని పేరు. "నిండా నీళ్లున్నాయి. తెరవవద్దు. స్తుతి."

నా ఇల్లు, నా గది, ముప్పై ఏళ్లుగా నేను తుడిచిన ఇంజను. నాకే తెరవవద్దని చీటీ.

ముందు ఆ ఇంజను గురించి చెప్పాలి, లేకుంటే నేను చేసిన పని మీకు అర్థం కాదు. అర్థమైతే మెచ్చుకుంటారా అంటే, అదీ లేదు.

మా ఆయన జయపాల్ నందలూరు స్టీమ్ షెడ్డులో బాయిలర్ పనికి చేరినప్పుడు ఆయనకు ఇరవై ఏళ్లు. బొగ్గింజన్లు పోయి డీజిల్ ఇంజన్లు వచ్చాక వేరే షెడ్డుకు మార్చారు. మనిషి కదిలాడు గానీ మనసు కదల్లేదు. మా పెళ్లయిన ఏడో ఏడు మొదలుపెట్టి, అయిదేళ్లు కష్టపడి, పెరట్లో రేకుల కింద కూర్చుని ఒక చిన్న ఇంజను తయారు చేశాడు. బొమ్మ అనకండి, ఆయనకు కోపమొస్తుంది. మోకాలెత్తు ఉంటుంది, మంచమంత పొడవుంటుంది. మందపాటి ఉక్కు గొట్టంతో చేసిన బాయిలరు, దాని లోపల పొగ పోయే సన్న గొట్టాలు, కింద పొయ్యి, పక్కన ఒత్తిడి చూపే ముల్లు. తుమ్మ బొగ్గులేసి మంట పెడితే నిజంగా ఆవిరి పుడుతుంది, నిజంగా కూత వేస్తుంది, వెనక బండ్ల మీద కూర్చున్న పదిమంది పిల్లల్ని లాగుతుంది. దానికి ఎబెనేజరు అని, బైబిల్లో సహాయపు రాయి అని అర్థమొచ్చే పేరు పెట్టి ఎర్ర రంగుతో రాయించాడు.

ఏడాదికి ఒక్కరోజే దాని పని. మా చర్చిలో జనవరి చివర్న కోతల పండగ జరుగుతుంది. ఒంటిమిట్ట రోడ్డు వెంబడి పల్లెలన్నింటి నుంచీ జనం తొలిపంట తెస్తారు. వేరుశెనక్కాయల మూటలు, గుమ్మడికాయలు, కోళ్లు, ఒక్కోసారి పొట్టేలు. ఆరాధన ముగిసాక చర్చి ఆవరణలో ఇనుప పట్టాలు పరిచి, మా ఆయన నీలం టోపీ పెట్టుకుని ఇంజను వెనక కూర్చుంటాడు. పిల్లలు జయపాల్ తాతా, జయపాల్ తాతా అని అరుస్తూ వరసలో కొట్టుకుంటారు. చర్చి నూరేళ్ల పుస్తకంలో ఆ ఫోటో వేశారు. ఫోటోలో ఆయన ఉన్నాడు, పాస్టరు అయ్యగారు ఉన్నారు, ఊరి పిల్లలందరూ ఉన్నారు. ఒక అంచున చెంబు పట్టుకున్న చెయ్యి ఒకటి కనబడుతుంది. అది నాది.

ఆ ఒక్కరోజు నడపడానికి ఆయన చాలు. మిగతా మూడొందల అరవై నాలుగు రోజులు దాన్ని బతికించింది నేను.

మా బోరు నీళ్లు కాగబెడితే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. ఆ నీళ్లు బాయిలర్లో పోస్తే అంతే సంగతులు. అందుకని తొలకరిలో మొదటి వాన పోనిచ్చి, రెండో వాన నుంచి చర్చి రేకుల మీది నీళ్లు పీపాల్లో పట్టి, గుడ్డ కట్టి దాచేది నేను. పండగ అయిపోగానే, ఇంకా వేడిగా ఉండగానే కింది కొళాయి తిప్పితే ఆవిరే నీళ్లను బయటికి తన్నేస్తుంది. అప్పుడు బిరడాలన్నీ ఊడదీయాలి. ఆ వేడికి లోపల తడి ఆరిపోతుంది. పొగ గొట్టాల్లో బూడిద మిగిలితే చెమ్మ పట్టి ఉక్కును తినేస్తుంది కాబట్టి సైకిలు చువ్వకు గోనెగుడ్డ చుట్టి ఒక్కో గొట్టమూ తోమాలి. తర్వాత రంధ్రాలకు పలచని గుడ్డ కట్టాలి, లేకుంటే కందిరీగలు మట్టిగూళ్లు పెడతాయి. పొయ్యిలో డబ్బా నిండా కాల్చిన సున్నపురాయి పెట్టాలి, అది చెమ్మ తాగి పొడి అయిపోతే మార్చాలి. ఇంజనును వంటింటి గోడ అవతల పెట్టాలి, నా పొయ్యి వేడి దానికి తగులుతుంటుంది. ఇవన్నీ నాకు ఎవరూ నేర్పలేదు. చేస్తూ చేస్తూ చేతికే తెలిసిపోయాయి.

ఒక సంగతి మాత్రం నేనే ఆయనకు చెప్పాను. పెళ్లయిన పదహారో ఏడో, పదిహేడో ఏడో, పండగ సాయంత్రమే డ్యూటీకి రమ్మని కబురొచ్చి, నీళ్లు సగమే దించి పరిగెత్తాడు. రెండు నెలల తర్వాత నేను గుడ్డ దూర్చి తుడిస్తే, నీళ్లు ఆగిన ఎత్తున ఎర్రటి గీత అంటుకుని వచ్చింది. పైన శుభ్రంగా ఉంది, కింద శుభ్రంగా ఉంది, నీళ్లూ గాలీ కలిసిన చోటే తుప్పు. ఆ గుడ్డ తీసుకుపోయి ఆయన కళ్లముందు పెట్టాను. చూసి, "అవునే" అన్నాడు. ముప్పై ఏళ్లలో ఆ ఇంజను విషయంలో ఆయన నన్ను ఒప్పుకుంటూ అన్న మాట అదొక్కటే.

బాయిలర్‌కు ఒక పుస్తకం ఉంది. ఏటా పండగకు అయిదారు రోజుల ముందు బాయిలర్‌ను నీళ్లతో పరీక్ష చేస్తారు. నిండా చన్నీళ్లు పోసి, గాలి అనేది లేకుండా చేసి, చేతి పంపుతో ఒత్తిడి పెంచుతారు. నడిచేటప్పుడు ఎనభై పౌండ్లు, పరీక్షకు నూట ఇరవై. అరగంట ముల్లు కదలకపోతే ఆ ఏడాదికి మంట పెట్టొచ్చు. కదిలిందా, పొయ్యి వెలిగించకూడదు. పిల్లలు కూర్చునే బండి కాబట్టి ఆ విషయంలో మా ఆయన మహా కచ్చితం. తేదీ, ఒత్తిడి, గుణదోషాలు, నిల్వ ఎలా చేశారు, అన్నీ పుస్తకంలో రాస్తాడు. అడుగున "పరీక్షించినది: జయపాల్" అని సంతకం. ముప్పై పేజీలు తిరగేసినా ఈ రాహేలమ్మ అనే మనిషి ఈ భూమ్మీద పుట్టినట్టు ఆనవాలు దొరకదు.

సరే, మొగుళ్ల తీరే అంత అని సర్దుకున్నాను. అంతలో స్తుతి వచ్చింది.

స్తుతి నాకంటే ఎనిమిదేళ్లు చిన్నది. రాజంపేటలో ఒక కాలేజీలో సైన్సు ల్యాబు చూసుకునేది. దాని మొగుడు మంగంపేట ముగ్గురాయి గనుల్లో పనిచేసి, మూడేళ్ల కిందట పోయాడు. పిల్లల్లేరు. ఒక్కతే ఉండి ఏం చేస్తుందని నేనే పిలిచి మా పక్కవీధిలో ఇల్లు చూసిపెట్టాను. నా చేత్తో నేనే పిలిచాను, అది గుర్తుపెట్టుకోండి.

వచ్చిన నెలకే అది ఇంజను ముందు కూర్చుని మా ఆయన్ని ప్రశ్నలు అడగడం మొదలుపెట్టింది. ఈ ముల్లు ఎట్లా తిరుగుతాది బావా, ఈ గొట్టాలు ఇన్నెందుకు బావా. మా ఆయన ముఖం చూడాలి. షెడ్డు వదిలాక ఆ వెలుగు నేను చూడలేదు. నేను ముప్పై ఏళ్లలో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు, నిజమే. అడగాల్సిన పని పడలేదు నాకు. చేతికి తెలిసింది ఎవరికీ కనబడదు, నోటితో అడిగిందే కనబడుతుంది. వచ్చేవాళ్లకూ పోయేవాళ్లకూ, "మా స్తుతి తలకాయే తలకాయ" అని చెప్పుకునేవాడు. ఆయన చెయ్యి వణకడం మొదలయ్యాక పుస్తకం రాసే పని కూడా దానికే ఇచ్చాడు. అడుగున ఆయన పేరు కింద ఇంకో పేరు చేరింది, "రాసినది: స్తుతి".

వీధిలో ఆడవాళ్లు బావా మరదళ్లని ఏవేవో పరాచికాలు ఆడేవాళ్లు. నాకు ఆ అనుమానం ఏ రోజూ లేదు. ఆ అనుమానమే ఉండుంటే నలుగురిలో అరిచి, జుట్టు పట్టుకుని కడిగేసి ఊరుకునేదాన్ని. ఇది ఎవరికీ చెప్పుకోలేని కుళ్లు. తోమేది నేను, పేరు దానిది. చెబితే నవ్వుతారు, ఇనప గొట్టం కోసం చెల్లెలితో తగువా అంటారు.

పోయిన ఏడాది పండగ సాయంత్రమే, ఇంజను నీళ్లు దించకముందే మా ఆయనకు ఎడమ పక్క పడిపోయింది. కడప తీసుకుపోయి ఆస్పత్రిలో చేర్చాం. ఇంజను అలాగే ఉంది, బూడిదతో సహా. నేను ఆయన మంచం పక్కనే ఉన్నాను, కిందా మీదా అన్నీ నేనే చూశాను. నాలుగో రోజుకు మాట కొంచెం తిరిగింది. తిరగగానే మొదట అడిగింది నన్ను కాదు. స్తుతికి ఫోన్ చెయ్యమన్నాడు.

ఫోన్ ఆయన చెవి దగ్గర పట్టుకుని నిలబడింది నేనే. నలభై నిమిషాలు. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చెప్పాడు. ఇంజను చల్లారిపోయింది గాబట్టి ఇంక ఆరబెట్టేదానికి లేదు, నీళ్లతోనే నిలవ పెట్టాలి, పీపాలో వాన నీళ్లు కాగబెట్టి చల్లార్చు, చాకలి సోడా ఇంత కలుపు, పైబిరడాలో నుంచి పొర్లిపోయేదాకా పోయ్, బుడగ కూడా మిగలకూడదు, బిగించు. మాట ముద్దగా వస్తుంటే స్తుతి మళ్లీ మళ్లీ అడగడం, ఆయన విసుక్కోకుండా మళ్లీ మళ్లీ చెప్పడం. అదే పూట నేను నీళ్లు తాగుతావా అని రెండోసారి అడిగితే చెయ్యి విదిలించాడు.

నా చెయ్యి నొప్పి పుట్టింది. ఫోన్ కింద పెట్టాక ఆయన కళ్లు మూసుకుని, "స్తుతి చేతిలో పెడితే నిబ్బరంగా ఉంటాది" అన్నాడు. నేను బయట వరండాలోకి పోయి గోడకు ఆనుకుని ఏడ్చాను. పక్క మంచం మనిషి భార్య వచ్చి, మీ ఆయనకు నయమైపోతుందిలే అమ్మా అని ఓదార్చింది. ఏమని చెప్పను ఆమెకు?

అదుగో, ఆ ఏడుపు లోపల పెట్టుకుని ఇంటికొస్తే చీటీ కనబడింది.

అరికాలి మంట నెత్తికెక్కింది. మొదట నేను అనుకున్నది మంచిదే, దేవుడి తోడు. ఈ నీళ్ల నిలవ వద్దు, మొత్తం దించేసి, వంటింటి వేడిలో మెల్లగా నా పద్ధతిలో ఆరబెడదాం అనుకున్నాను. పైబిరడా ఊడదీసి, కింది కొళాయి దగ్గర చెంబు పెట్టి తిప్పాను. ఎనిమిది చెంబులు పట్టే బాయిలరు అది. ఒకటి నిండింది, రెండు, మూడు. ఆ సోడా నీళ్లు బట్టల బకెట్లో పోస్తున్నాను. నాలుగో చెంబు నిండేటప్పుడు ఒక ఆలోచన వచ్చింది. మొత్తం దించి ఆరబెడితే బాయిలర్ బాగుంటుంది. వచ్చే ఏడు పరీక్షలో నిలబడుతుంది. నిలబడితే పేరు ఎవరిది? పుస్తకంలో రాసి ఉంటుంది కదా, "నిల్వ: స్తుతి".

కొళాయి కట్టేశాను. పైబిరడా పెట్టి గట్టిగా బిగించాను. చీటీ యథాస్థానంలో వేలాడదీశాను. ఆ నాలుగు చెంబుల నీళ్లతో ఆస్పత్రి దుప్పట్లు ఉతుక్కున్నాను. తెల్లగా వచ్చాయి.

ఏం చేస్తున్నానో తెలియక చేశానని చెప్పుకోవడానికి నాకు దారే లేదు. సగం నీళ్లు ఆ బాయిలర్‌ను ఏం చేస్తాయో నాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? పైగా మా ఆయన అంతకు రెండేళ్ల ముందే, బాయిలర్ ఉక్కు ఒకచోట పలచబడింది, జాగ్రత్తగా చూసుకుంటే ఇంకో అయిదారేళ్లు వస్తుంది అన్నాడు. అదీ నాకు తెలుసు.

మనసు నిలబడేది కాదు. నెలకోసారి ఎవరూ లేనప్పుడు పోయి బిరడా తీసి చూసేదాన్ని. వేలు పెడితే మొదట్లో ఏమీ అంటలేదు. ఎండాకాలం పోయేసరికి వేలికి ఎరుపు తగిలింది. ఆ చూడటమే దానికి ఇంకా చేటయింది. తీసిన ప్రతిసారీ కొత్త గాలి లోపలికి పోయింది. వానలు పడ్డాక ఒకరోజు గట్టిగా అనుకున్నాను, ఇక చాలు, ఈ పూట పీపా నీళ్లు పోసి నింపేస్తాను అని. చెంబు కూడా ముంచాను. అంతలో ముందు గదిలో నవ్వులు. స్తుతి ఆయన ఎడమ చేతికి రబ్బరు బంతి ఇచ్చి నొక్కిస్తోంది, ఆవిరి వదిలే రెగ్యులేటరు తిప్పాలి కదా బావా, నొక్కు, నొక్కు అంటూ. ఆయన చిన్నపిల్లవాడిలా నవ్వుతున్నాడు. అదే బంతి నేనిస్తే విసిరికొట్టాడు. చెంబులో నీళ్లు కరివేపాకు చెట్టుకు పోశాను.

ఆ బంతి నొక్కడంలోనే ఆయన ప్రాణమంతా ఉంది. కోతల పండగకు ఒక్కసారి, ఒక్క చుట్టు ఎబెనేజరును నడపాలని. డాక్టరు వద్దనలేదు. అయ్యగారు సరేనన్నారు. డిసెంబరు నాటికి కర్ర పట్టుకుని వాకిలి దాకా నడిచాడు. టోపీ ఉతికించుకున్నాడు. ఊర్లో పిల్లలు ఎదురుపడితే ఎన్ని రోజులుందో వేళ్ల మీద లెక్కపెట్టి చూపించేవాడు. అది చూసినప్పుడల్లా నేను వంటింట్లోకి పోయేదాన్ని. ఆయన్ని శిక్షించాలని నేను అనుకోలేదు. స్తుతి ఒక్కసారి తప్పు చేసినట్టు కనబడాలి, ఆయన నా వైపు తిరగాలి, అంతే నాకు కావలసింది. మధ్యలో ఆయన పండగ పోతుందని లెక్క వేసుకోలేదు. వేసుకోలేదంటే అబద్ధం. వేసుకుని పక్కన పెట్టాను.

పండగ అయిదు రోజులుందనగా పరీక్ష పెట్టారు. పొద్దున పదిన్నర. ఇంజను పెరట్లోకి తెచ్చి బాయిలర్ మీది తొడుగు ఊడదీశారు. ఆయన కుర్చీలో, టోపీ పెట్టుకుని. స్తుతి పుస్తకం పట్టుకుని. పంపు కొట్టడానికి స్తుతి ముందుకు రాబోతే ఆయన, రాహేలు కొట్టనీలే, దాని చెయ్యి గట్టిది అన్నాడు. నన్ను ఆ పనికి పిలవడం అదే మొదటిసారి.

స్తుతి పైబిరడా తీసింది. తీసి, లోపలికి వేలు పెట్టి చూసింది. "బావా, నీళ్లు సగమే ఉండాయి. నేను పొర్లేదాకా పోసింటి. కొళాయి కారిందేమో. నేను సరిగ్గా కట్టలేదేమో."

ఆయన నింపండి, చూద్దాం అన్నాడు. నింపాము. నేను పంపు పట్టాను. ఇరవై, నలభై, అరవై. ప్రభువా, నిలబడనీ, ఈ ఒక్కసారి నిలబడనీ అని మొక్కుకుంటూనే కొట్టాను. ఎనభై దాటింది. తొంభై దగ్గర పంపు పిడి నా చేతిలో తేలికైపోయింది. బాయిలర్ పక్కన, సరిగ్గా నడిమి ఎత్తున, కుట్టుదారమంత సన్నగా నీళ్లు చిమ్మి నా చీర మీద పడ్డాయి. ముల్లు వెనక్కి పోయింది.

ఆయన మెల్లగా టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

స్తుతి గోడ వైపు తిరిగి పుస్తకంలో రాసింది. రాసేటప్పుడు దాని భుజాలు కదులుతున్నాయి. పుస్తకం ఆయన ఒళ్లో పెట్టి, "నన్ను క్షమించు బావా" అని, పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని వాళ్లింటికి వెళ్లిపోయింది. అనుకున్నది అనుకున్నట్టు జరిగింది. స్తుతి తప్పు చేసినట్టు కనబడింది, ఆయనా నేనూ మిగిలాము.

ఆయన టార్చి అడిగాడు. పళ్ల డాక్టరు వాడే చిన్న అద్దం ఒకటి ఉంది ఆయన దగ్గర, అది అడిగాడు. కుర్చీ ఇంజను దగ్గరికి జరిపించుకుని, బిరడా రంధ్రంలో అద్దం పెట్టి లోపల చూశాడు. తర్వాత ఇంజను పెట్టుండిన గదిలోకి కర్ర పట్టుకుని తనే వెళ్లి, కొళాయి కింద ఉండిన ఇటుకలు చూసి వచ్చాడు. వచ్చి కూర్చుని ఊపిరి తీసుకున్నాడు.

"కారింటే గీతలు శానా ఉంటాయి, మెట్లు మెట్లుగా. ఈడ ఒక్కటే గీత ఉండాది" అన్నాడు. "ఇటుకల మీద మరక కూడా లేదు. ఒక్క పొద్దులో దించినారు."

నేను పంపు పిడి వదల్లేదు.

"స్తుతికి నిండా పొయ్యమని చెప్పినా గానీ, ఎందుకో చెప్పలేదు నేను. ఉత్త బాయిలర్ బతుకుతాది, నిండు బాయిలర్ బతుకుతాది, సగం బాయిలరే చస్తాది. అది తెలిసినోళ్లు ఈ ఊర్లో ఇద్దరమే. షెడ్లో పెద్దోళ్లు చెప్తాంటే నేను చెవిన పెట్టలేదు. గుడ్డ తెచ్చి చూపించింది నువ్వు." మాట ముద్దగా వచ్చింది. "నీకంటే దాన్ని ఎరిగినోళ్లు ఎవరుండారు రాహేలా. నాకంటే నీకే ఎక్కువ తెలుసు."

ముప్పై ఏళ్లు ఎదురుచూసిన మాట. ఎంత సిగ్గులేని మనిషినంటే, ఒక్క క్షణం, రెప్పపాటు, నా గుండె నిజంగా సంతోషపడింది. ఆయనకు తెలుసు, ఇన్నేళ్లూ తెలుసు. ఆ తర్వాత ఆయన ఒళ్లో టోపీ కనబడింది. ఉతికి, మడత పెట్టి, ఇస్త్రీ చేసిన టోపీ. బంతి నొక్కి నొక్కి కాయలు కాసిన చెయ్యి దాని మీద ఉంది. నేను మట్టిలో కూలబడ్డాను. ఆయన నన్ను తిట్టలేదు, దగ్గరికీ తీసుకోలేదు. పుస్తకం నా వైపు చాపి, "స్తుతి ఏడుస్తాంటాది, పో" అన్నాడు.

పక్కవీధికి నడవడానికి ఎంతసేపు పడుతుంది? ఆ రోజు చాలాసేపు పట్టింది. స్తుతి గడప మీదే కూర్చుని ఉంది, కళ్లు ఉబ్బిపోయి. నన్ను చూసి ముందు అదే మాట్లాడింది, బావ ఎట్లుండాడక్కా అని. నేను పక్కన కూర్చుని పుస్తకం తెరిచాను. ముత్యాల్లాంటి అక్షరాలే, కొంచెం వంకర పోయాయి. "తొంభై పౌండ్ల దగ్గర కారింది. నిల్వలో లోపం. కొళాయి సరిగా కట్టలేదు. కారణం: స్తుతి."

పెన్ను అడిగితే ఇచ్చింది, ఎందుకని అడక్కుండానే. నేను ఏడో తరగతితో మానేసినదాన్ని. అక్షరాలు కూడబలుక్కుని రాయాలి నాకు. "కొళాయి సరిగా కట్టలేదు" అన్నది కొట్టేసి, "సగం నీళ్లు దించడమైనది" అని రాశాను. స్తుతి పేరు కొట్టేశాను. దాని పక్కన నా పేరు రాశాను.

స్తుతి చదివింది. మళ్లీ చదివింది. "ఎందుకక్కా" అంది.

"ఓర్వలేక" అన్నాను.

అది లేచి లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసింది. గడియ పెట్టలేదు. నేను గడప మీదే కూర్చున్నాను. పండగ రోజు ఎబెనేజరును చల్లారిన పొయ్యితోనే చర్చి ఆవరణలో పెట్టారు. పిల్లలు ఎక్కి దిగారు, కూత నోటితో వేసుకున్నారు. మా ఆయన టోపీ లేకుండా పక్కన కుర్చీలో కూర్చున్నాడు.

పుస్తకం ఇప్పుడు నా దగ్గరే ఉంది. అప్పుడప్పుడు తిప్పుతుంటాను. ముప్పై పేజీలు ఆయన సంతకాలు, చివర్లో స్తుతి రాత, ఆఖరి పేజీలో వంకర టింకరగా, కారణం అన్న మాట ఎదురుగా, రాహేలమ్మ.